సాధనకు ఒక ఏర్పాటు



దసరాకు కొన్న హార్మోనియం సంక్రాంతి నాటికి అటకెక్కడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. కరీంనగర్‌లో, జగిత్యాలలో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో చాలా ఇళ్లలో ఇలాంటి వాద్యం ఒకటి కనిపిస్తుంది. బీరువా మీద గుడ్డ కప్పిన తబలా జత, గోడకు తగిలించిన గిటారు, పెట్టె దాటి బయటికి రాని వయొలిన్. కొన్నప్పుడు ఉత్సాహానికి కొదవ ఉండదు. మొదటి వారం గంటలకొద్దీ వాయిస్తారు. రెండో వారం వేళ్లు నొప్పి పెడతాయి. మూడో వారం ఇంట్లో పెళ్లి పనులు వస్తాయి. ఆ తర్వాత టైము దొరకట్లేదంటారు. చివరికి సంగీతం తమకు రాసిపెట్టి లేదని తేల్చేసుకుంటారు.

అది తొందరపాటు తీర్పు. ఆ ఇళ్లలో ప్రతిభకు లోటు లేదు, ఇష్టానికీ లోటు లేదు. లోటంతా ఏర్పాటులో ఉంది. ఏ వేళకు కూర్చోవాలి, ఎక్కడ కూర్చోవాలి, కూర్చున్నాక ఏది ముందు వాయించాలి, ఏది తర్వాత వాయించాలి, అది ఎవరు వినాలి. ఇవి ముందే తేల్చుకున్నవాళ్ల సాధన సాగుతుంది. రోజూ మనసును బతిమాలి కూర్చోబెట్టాల్సి వస్తే అది నెల తిరక్కుండానే ఆగిపోతుంది. కొత్తగా వాద్యం చేతబట్టిన వాళ్ల కోసం, వాళ్లను నడిపించే తల్లిదండ్రుల కోసం ఇవాళ ఆ ఏర్పాటు గురించి మాట్లాడుకుందాం.

ముందుగా మన పల్లెల వైపే చూద్దాం. చిరుతల రామాయణం చూసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. చూడనివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మన ఊళ్లలో దాన్ని ఆడినవాళ్లు పగలంతా పొలం పనో, మగ్గం పనో చేసుకునే మామూలు మనుషులు. వాళ్లతోపాటు బడి పిల్లలు. అంతా కలిసి ఒక గురువును పిలిపించుకునేవాళ్లు. రాత్రి బువ్వలు తిన్నాక ఒక చోట చేరేవాళ్లు. చేతుల్లో చిరుతలు, పక్కన హార్మోనియం, మద్దెల. గుండ్రంగా తిరుగుతూ అడుగూ దెబ్బా పాటా మూడూ ఒక్కటయ్యేదాకా అదే చరణాన్ని మళ్లీ మళ్లీ పట్టేవాళ్లు. అలా ఎన్నో రాత్రులు గడిచాక ఒకనాడు ఊరంతా కూర్చుని చూసేది.

ఇందులో ఏమేం ఉన్నాయో గమనించండి. వేళ ఉంది, రాత్రి భోజనం తర్వాత. చోటు ఉంది. తప్పు పడితే ఆపి చెప్పే గురువు ఉన్నాడు. రాకపోతే ఎందుకు రాలేదని అడిగే తోటివాళ్లు ఉన్నారు. ఫలానా నాటికి ఆడాలన్న గడువు ఉంది. ఈ ఐదూ కుదిరాయి కాబట్టే అక్షరం రానివాళ్లు కూడా రామాయణమంతా పాడగలిగారు. ఇవాళ గదిలో ఒంటరిగా కూర్చుని, ఫోన్‌లో వీడియో చూస్తూ నేర్చుకునే కుర్రవాడికి ఈ ఐదింటిలో చోటు తప్ప ఏదీ లేదు. వాడు మధ్యలో ఆపేస్తే తప్పు వాడి ఒక్కడిదే అనలేం.

ఇంకాస్త ఉత్తరానికి, ఆదివాసీ గూడేలకు వెళ్దాం. దీపావళి రోజుల్లో గోండులు దండారి జరుపుకుంటారు. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఆడుతుంటే తుడుం, పెప్రె, కాళికోం, గుమేల మోగుతాయి. ఒక ఊరి దండారి బృందం ఇంకో ఊరికి చుట్టంలా వెళ్తుంది. అక్కడ పిల్లలకు వాద్యం నేర్పడానికి వేరే తరగతి గది ఉండదు. పెద్దల వెంట నడుస్తూ, దరువు చెవిన పడుతుంటే కాలు కదుపుతూ నేర్చుకుంటారు. జైనూర్ మండలం మార్లవాయికి చెందిన కనకరాజు గారు గుస్సాడీ నృత్యంలో తర్వాతి తరానికి శిక్షణ ఇచ్చారు. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. ఆయన నేర్పిన ఆటకు ఏటా ఒక పండుగ గడువుగా నిలబడి ఉంది. పండుగ వస్తోందంటే వాద్యాలు బయటికి తీయక తప్పదు.

గోండుల వంశగాథలు పాడే ప్రధానుల చేతిలో కిక్రి ఉంటుంది. మూడు తీగల వాద్యం, కమానుతో వాయిస్తారు. 1940ల్లో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాసిన హైమన్‌డార్ఫ్ కూడా ప్రధానుల గానాన్ని వివరంగా నమోదు చేశారు. కిక్రికి వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపే మెట్లు లేవు, చూసి వాయించే స్వరాల పుస్తకమూ లేదు. కథ, రాగం ముందు చెవికి ఎక్కుతాయి, తర్వాతే చేతికి వస్తాయి. కొత్తగా నేర్చుకునే మనం ఈ వరసను తలకిందులు చేస్తున్నాం. వినకుండానే వాయించబోతున్నాం. ఈ మాటకు మళ్లీ వస్తాను.

మొదట వేళ సంగతి.

రోజుకు ఎంతసేపు వాయించాలన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. మొదటి మూడు నెలలు పెద్దవాళ్లకు అరగంట చాలు. పదేళ్లలోపు పిల్లలకు పదిహేను, ఇరవై నిమిషాలు. ఆదివారం నాడు మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు ముట్టకపోతే, ప్రతి ఆదివారం మళ్లీ మొదటికే వస్తారు. అదే మూడు గంటలను వారమంతా పంచుకుంటే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. మెదడు కొత్త కదలికను నిద్రలో, విరామంలో స్థిరపరుచుకుంటుంది. ఆ పని జరగడానికి ఒక సాధనకూ ఇంకో సాధనకూ మధ్య రాత్రి ఒకటి ఉండాలి.

1993లో ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి, బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం వెలువడింది. పదివేల గంటల సాధన అన్న మాట తర్వాత లోకమంతా పాకింది దాని నుంచే. ఆ అధ్యయనంలో గమనించాల్సింది వేరే ఉంది. వాళ్లలో మేటి విద్యార్థులు కూడా రోజుకు ఒంటరిగా సాధన చేసింది సుమారు మూడున్నర గంటలు. అదీ విడతలు విడతలుగా, మధ్యలో విశ్రాంతితో, ఎక్కువ భాగం పొద్దున. వృత్తిగా చేపట్టబోయేవాళ్లే అలా చేస్తే, నిన్న మొన్న మొదలుపెట్టిన మనకు గంటల లెక్కతో పని లేదు.

సరే, ఆ అరగంట ఎప్పుడు? పొద్దుగాల నాలుగింటికి లేవాలని పాతవాళ్లు చెబుతారు. అందరికీ అది కుదరదు. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్‌లలో సింగరేణి కార్మికుల సంగతే చూడండి. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు అంటూ డ్యూటీ వేళలు మారుతూ ఉంటాయి. పొద్దున ఆరింటికే సాధన అని రాసుకున్న కార్మికుడు నైట్ షిఫ్టు వచ్చిన వారమే ఓడిపోతాడు. అలాంటివాళ్లు గడియారాన్ని వదిలేసి పనికి ముడిపెట్టుకోవాలి. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, చాయ్ తాగాక సాధన. షిఫ్టు ఏదైనా స్నానం, చాయ్ తప్పవు కదా, వాటి వెనకే సాధనా వస్తుంది. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాళ్లకు, బీడీలు చుట్టే ఆడవాళ్లకు, వ్యవసాయం చేసేవాళ్లకు కూడా ఇదే పద్ధతి. పత్తి ఏరే రోజుల్లో మాపటికి ఒళ్లు అలిసి ఉంటుంది. అలాంటప్పుడు పొద్దున పొయ్యి వెలిగించే ముందు పది నిమిషాలు దొరికితే అవే ఆ రోజు సాధన.

ఇంట్లో ఆడవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. వాళ్లు కూర్చున్న వేళకే అందరికీ పని గుర్తొస్తుంది. కాబట్టి ఫలానా అరగంట అమ్మ వీణ దగ్గర ఉంటుందని ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి ఉంచండి. పిల్లవాడి ట్యూషన్‌కు ఇచ్చే మర్యాద అమ్మ సాధనకూ ఇవ్వాలి. ఇదీ ఏర్పాటులో భాగమే.

రెండోది చోటు, వాద్యం.

పెట్టెలో పెట్టి తాళం వేసిన వాద్యాన్ని చెయ్యి వెతకదు. అలాగని ఎండలోనూ చెమ్మలోనూ పెట్టకూడదు. ఇంట్లో ఒక మూల చాప, వాద్యం, స్వరాలు రాసుకున్న నోటుపుస్తకం, పెన్సిలు ఒక్క దగ్గరే ఉంచండి. కూర్చున్న నిమిషంలో మొదలుపెట్టగలగాలి. శ్రుతి పెట్టె కోసం, ఛార్జర్ కోసం వెతుకుతూ పది నిమిషాలు పోతే ఆ పూటకు మనసు తప్పుకుంటుంది.

మన ప్రాంతంలో రుతువులు కూడా సాధనలో వేలు పెడతాయి. రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీల దాకా పోతుంది. ఆదిలాబాద్‌లో చలికాలపు తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. చలికి వేణువులోని గాలి చల్లబడి శ్రుతి దిగుతుంది. అదే చలికి లోహపు తీగ బిగుసుకుని శ్రుతి పెరుగుతుంది. వేణువూ వయొలినూ కలిసి వాయించబోయిన ఇద్దరు మిత్రులు డిసెంబరులో ఎందుకు కలవట్లేదో తెలియక తిట్టుకుంటారు. తప్పు చలిది. వేణువును కాసేపు ఊది వెచ్చబరచి, ఆ తర్వాత తీగలను దానికి కలుపుకోవాలి. వీణ మెట్లను మైనంలో నిలబెడతారు. రేకుల ఇంట్లో, ఎండలో నిలిపిన కారులో ఆ మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. వానాకాలపు చెమ్మకు తోలు వాద్యాలు వదులవుతాయి. అందుకే డప్పు కొట్టేవాళ్లు ముందుగా గడ్డిమంట వేసి డప్పును కాగబెడతారు. మంట వేడికి తోలు బిగిసి నాదం పలుకుతుంది. తబలాకూ మృదంగానికీ మాత్రం మంట చూపకండి, వాటిని పొడిగా ఉన్న చోట ఉంచితే చాలు. శ్రుతి తప్పిన వాద్యం మీద నెల రోజులు వాయిస్తే చెవి తప్పుడు స్వరానికి అలవాటు పడుతుంది. ఆ అలవాటు మాన్పించడం తేలిక కాదు. సాధనకు ముందు శ్రుతి చూసుకోవడం కూడా సాధనే.

మూడోది, ఆ అరగంటలో ఏం చేయాలన్నది.

అరగంటను నాలుగు భాగాలు చేద్దాం. మొదటి ఐదు నిమిషాలు వాద్యం ముట్టుకోకండి. తంబురా నాదం, అది ఫోన్‌లోదైనా సరే, పెట్టుకుని షడ్జం వినండి. నోటితో స అనండి. అది తంబురాలో కలిసిపోయినట్టు అనిపించేదాకా అనండి. చేత్తో తాళం వేయండి. ఆది తాళమైతే ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆ తర్వాత దెబ్బా విసురూ రెండుసార్లు. మొత్తం ఎనిమిది. తాళం తప్పకుండా నాలుగు ఆవర్తనాలు వేయడం మొదట్లో అనుకున్నంత తేలిక కాదు. గుస్సాడీ వెంట నడిచే పిల్లవాడు ముందుగా కాలితో నేర్చుకునేది ఇదే.

తర్వాతి పది నిమిషాలు పునాది పాఠం. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకు సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు ఉన్నాయి. ఈ పాఠక్రమాన్ని 16వ శతాబ్ది వాగ్గేయకారుడు పురందరదాసు ఏర్పరచారని సంప్రదాయం చెబుతుంది. మొదటి పాఠానికి మాయామాళవగౌళ రాగాన్నే ఎంచడంలో వాద్యం నేర్చుకునేవాళ్లకు పెద్ద సౌకర్యం ఉంది. ఆ రాగంలో సరిగమ మధ్య ఎంత ఎడం ఉందో, పదనిస మధ్యా అంతే ఎడం ఉంది. వయొలిన్ తీగలను షడ్జానికీ పంచమానికీ కలిపి ఉంచుతాం కాబట్టి, షడ్జం తీగ మీద వేళ్లు ఎలా పడ్డాయో పంచమం తీగ మీదా అలాగే పడతాయి. ఒక్క అమరిక నేర్చుకుంటే స్థాయి అంతా చేతికి వచ్చేస్తుంది. పాఠం పెట్టిన పెద్దలు విద్యార్థి చేతిని కూడా మనసులో పెట్టుకున్నారన్నమాట.

మన వైపు హార్మోనియం, తబలా నేర్చుకునేవాళ్లలో హిందుస్తానీ పద్ధతివాళ్లూ ఎక్కువే. వాళ్లకు అలంకార్, పల్టాలు ఉన్నాయి. తబలాకు కాయిదాలు ఉన్నాయి. డప్పు నేర్చుకునేవాళ్లకు సిర్ర, సిటికెన పుల్ల అనే రెండు పుల్లల మధ్య తూకం రావాలి. ఒగ్గు కథలో డోలు నేర్చుకునేవాళ్లకు కుడి చేతికీ ఎడమ చేతికీ వేర్వేరు పని. పేర్లు ఏవైనా పని ఒక్కటే. చిన్న ముక్కను, నిదానంగా, తాళం తప్పకుండా, అన్ని దెబ్బలూ లేదా అన్ని స్వరాలూ సమానంగా పలికేలా వాయించాలి. మొదటి కాలంలో ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం. అది తేటగా వచ్చాకే రెండో కాలం, అంటే దెబ్బకు రెండు. ఆ తర్వాతే మూడో కాలం, దెబ్బకు నాలుగు. ఎదురుగా కూర్చున్న చుట్టాలను మెప్పించడానికి మూడో కాలంలోకి దూకేవాళ్లే ఎక్కువ. వేగంలో తప్పులు వినపడవు కానీ చేతిలో ఉండిపోతాయి.

మూడో భాగం మరో పది నిమిషాలు. ఇది అన్నిటికన్నా విలువైనది. నిన్న ఎక్కడ తడబడ్డారో ఆ చోటు ఒక్కటే పట్టుకోండి. చాలామంది పాట మొదటి నుంచి మొదలుపెట్టి, తడబడ్డ చోటు దాటేసి, చివరిదాకా పోయి, మళ్లీ మొదటి నుంచి వస్తారు. వచ్చిన భాగం పదిసార్లు వాయిస్తారు, రాని భాగం పదిసార్లు తప్పుగా వాయిస్తారు. పైగా పదిసార్లు సాధన చేశామన్న తృప్తి. 2009లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 17 మంది పియానో విద్యార్థులకు ఒక చిన్న సంగీత భాగం ఇచ్చి నేర్చుకోమన్నారు. మర్నాడు ఎవరు బాగా వాయించారో చూశారు. ఎంతసేపు సాధన చేశారన్నదీ, ఎన్నిసార్లు వాయించారన్నదీ తేడా తేలేదు. తప్పు వచ్చిన చోటే ఆగి, అది ఎందుకు వచ్చిందో పట్టుకుని, వేగం తగ్గించి, సరిగ్గా వచ్చేదాకా సరిచేసుకున్నవాళ్లు ముందు నిలిచారు. చిరుతల గురువు కూడా చేసేది అదే. అడుగు తప్పిన చోట ఆపుతాడు, అక్కడి నుంచే మళ్లీ ఎత్తుకోమంటాడు. గురువు పక్కన లేని రోజుల్లో ఆ గురువు పని మీరే చేయాలి.

చివరి ఐదు నిమిషాలు మీ ఇష్టం. వచ్చిన పాట వాయించండి. సినిమా పాటైనా, బతుకమ్మ పాటైనా, భజన కీర్తనైనా సరే. ఇక్కడ తప్పొస్తే ఆపకండి. వాద్యం ఎందుకు కొన్నామో గుర్తుచేసే ఐదు నిమిషాలు ఇవి. పిల్లల విషయంలో ఈ భాగాన్ని ఎప్పుడూ కోయకండి. సరళీ వరుసలతో మొదలై సరళీ వరుసలతోనే ముగిసే సాధన పిల్లలకు శిక్షలా కనిపిస్తుంది.

ఇప్పుడు వినడం సంగతి. కిక్రి గురించి చెబుతూ మళ్లీ వస్తానన్నాను కదా.

మాండొలిన్ శ్రీనివాస్ పేరు మీ అందరికీ తెలుసు. 1969లో పాలకొల్లులో పుట్టారు. పాశ్చాత్య వాద్యమైన మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించి ప్రపంచమంతా తిరిగారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. విన్నదాన్ని పిల్లవాడు తీగల మీద వెతికి పట్టుకునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవాళ్లు లేకుండానే ఆ పిల్లవాడు 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశాడు. అందరూ శ్రీనివాస్ కాలేరు, నిజమే. కానీ ఆ పద్ధతి అందరిదీ కావచ్చు. వాయించబోయేదాన్ని ముందు పాడండి. గొంతు బాగుండక్కర్లేదు. పాడగలిగినదాన్నే చెయ్యి వాయించగలదు.

హార్మోనియం నేర్చుకునేవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం. మీట నొక్కితే స్వరం దానంతట అదే పలుకుతుంది కాబట్టి చెవి బద్ధకించే ప్రమాదం అక్కడ ఎక్కువ. స్వరానికీ స్వరానికీ మధ్య జారుడు, గమకం దాని మీట మీద పలకవు. ఈ లోపాన్ని చూపించే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని ప్రసారాలకు దూరంగా ఉంచింది. ఆ మూడు దశాబ్దాలూ మన పల్లెల్లో భజన మండళ్లు, నాటకాలు, చిరుతల రామాయణాలు మాత్రం హార్మోనియాన్ని వదల్లేదు. ఆ వాద్యగాళ్లు వాయిస్తూ పాడేవాళ్లు. మీట ఇవ్వని గమకాన్ని గొంతు ఇచ్చేది. మీరూ అలాగే చేయండి.

రేడియో కూడా మంచి గురువే. ఆకాశవాణి ప్రసారాల ప్రారంభంలో వచ్చే ఆ సంకేత సంగీతం మీరు ఎన్నిసార్లు విన్నారో లెక్క ఉండదు. దాన్ని కూర్చింది వాల్టర్ కౌఫ్‌మన్. యూరప్ నుంచి బొంబాయికి వచ్చి, ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని చూసిన మనిషి. మధ్య భారతంలో గోండుల పాటలను సేకరించి, వాటి మీద పరిశోధన వ్యాసాలూ రాశారు. రేపు పొద్దున ఆ సంగీతం వినేటప్పుడు వయొలిన్‌ను వదిలేసి, కింద సాగే తంబురా నాదాన్ని మాత్రమే పట్టుకోండి. షడ్జం ఎక్కడుందో నోటితో అని చూడండి. చెవికి ఇంతకన్నా తేలికైన మొదటి పాఠం దొరకదు. తర్వాత ఏ కచేరీ విన్నా తాళం వేస్తూ వినండి. బస్సులో ఉన్నా, పొలం గట్టు మీద ఉన్నా ఈ సాధనకు వాద్యంతో పని లేదు.

గురువు గురించి కూడా ఒక మాట. ఫోన్‌లో పాఠాలు బోలెడున్నాయి, వాటివల్ల మేలూ ఉంది. కానీ వీడియో మీ వేళ్లను చూడదు. భుజం బిగబట్టారనీ, కమాను వంకరగా పోతోందనీ, ఊపిరి సగంలో విరుగుతోందనీ చెప్పదు. మొదటి ఆరు నెలలైనా వారానికి ఒకసారి మనిషి ముందు కూర్చోండి. దగ్గర్లో సంగీత పాఠశాల ఉంటే సరే, లేకపోతే మీ ఊరి గుళ్లో హార్మోనియం వాయించే తాత ఉంటాడు, సన్నాయి ఊదే అన్న ఉంటాడు. వెళ్లి అడగండి. ఎవరూ దొరకని వారం మీరే ఫోన్‌లో మీ వాదనం రికార్డు చేసుకుని మర్నాడు వినండి. వాయించేటప్పుడు వినపడని తప్పులు మర్నాడు వింటే స్పష్టంగా తెలుస్తాయి. వినడానికి సిగ్గుగా ఉంటుంది. వినండి.

నొప్పి విషయంలో మాత్రం మొండితనం వద్దు. కొత్తలో వేలి కొసలు మండుతాయి, అది సహజం, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. మణికట్టు, మోచెయ్యి, మెడ నొప్పి పెడితే, వేళ్లు తిమ్మిరెక్కితే ఆ పూట ఆపేయండి. కూర్చునే తీరు గురువుకు చూపించండి. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఎంత చక్కని ఏర్పాటుకైనా చెడ్డరోజులు వస్తాయి. పెళ్లిళ్ల కాలం వస్తుంది, కోతలు వస్తాయి, పరీక్షలు వస్తాయి, జ్వరం వస్తుంది. అలాంటి రోజులకు వేరే లెక్క పెట్టుకోండి. శ్రుతి చూసి, ఒక్క సరళీ వరుసో ఒక్క కాయిదానో నిదానంగా ఒక్కసారి వాయించి, వాద్యం పెట్టేయండి. మూడు నిమిషాల పని. దానివల్ల విద్య పెరగకపోవచ్చు, అలవాటు మాత్రం తెగదు. ఒక వారం పూర్తిగా పోయినా పోయినదాన్ని ఒక్క రోజులో కూడగట్టాలని చూడకండి. రేపటి అరగంట రేపు వాయిస్తే చాలు.

చివరిగా గడువు. దండారికి దీపావళి ఉన్నట్టు, చిరుతల జట్టుకు ఆట రోజు ఉన్నట్టు మీ సాధనకూ ఒక రోజు ఉండాలి. పెద్ద వేదిక అక్కర్లేదు. శనివారం భజనలో ఒక్క కీర్తనకు హార్మోనియం పట్టండి. వినాయక చవితి మండపంలో ఒక పాట వాయించండి. బతుకమ్మ ఆడే చోట తాళం అందుకోండి. నెలకోసారి ఇంట్లో భోజనాలయ్యాక తాతమ్మకు, నానమ్మకు వినిపించండి. నలుగురి ముందు చెయ్యి వణుకుతుంది. ఆ వణుకు తగ్గే మార్గం కూడా నలుగురి ముందు వాయించడమే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పక్కింటి పాపతో పోల్చకండి. ఎంత నేర్చుకున్నావని రోజూ లెక్క అడగకండి. వారానికోసారి పిల్లల పక్కన కూర్చుని మొత్తం వినండి. చిరుతల ఆటకు ఊరంతా కూర్చుని చూసినట్టు, ఈ సాధనను వినడానికి మీరొక్కరైనా ఉండాలి.

వేములవాడ దగ్గర హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు గారి ఒగ్గు కథకు ఒకప్పుడు జనం రాత్రంతా మేలుకునేవాళ్లు. ప్రధానుల కిక్రి ఇప్పటికీ కేస్లాపూర్ నాగోబా గుడి దగ్గర వినపడుతుంది. ఈ నేల మీద సంగీతం పని మధ్యలోనే పెరిగింది, తీరిక కోసం కాచుకుని కూర్చోలేదు. మీరూ తీరిక కోసం ఎదురుచూడకండి. ఇవాళ రాత్రి పడుకునే ముందు మూడు విషయాలు తేల్చుకోండి. ఏ పని తర్వాత కూర్చుంటారు, ఏ మూల కూర్చుంటారు, నెలాఖరుకు ఎవరికి వినిపిస్తారు. ఆ మూడూ ఒక కాగితం మీద రాసి వాద్యం పక్కన అంటించండి. అటకెక్కిన వాద్యం మీ ఇంట్లో ఉంటే రేపే కిందికి దింపండి, దుమ్ము తుడవండి, శ్రుతి చేయించండి, అరగంటతో మొదలుపెట్టండి.